పెద్ద పంపుకు సన్న తీగ

మా బావ దృష్టిలో బానెట్ ఎత్తితే కనిపించేదే ఇంజన్. కనిపించనిది ఆయన లెక్కలోకి రాదు. ఈ ఒక్క ముక్క తెలిస్తే ఆయన జీవితచరిత్ర సగం తెలిసినట్టే. మిగతా సగం నేను చెబుతాను. పదిహేనేళ్ళుగా ఆయన షెడ్డులో కార్ల వైరింగు పని చేస్తున్నదాన్ని, పైగా ఆయన పెళ్ళానికి స్వయానా చెల్లెల్ని. ఇంత దగ్గరగా ఆ మనిషిని భరించినవాళ్ళు మా అక్క తప్ప ఇంకొకరు లేరు.

మొదట్లో సీటు కవర్లు కుట్టేవాడు. బాగానే కుట్టేవాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కుట్టు ఎక్కడా వంకర పోయేది కాదు. అక్కడితో ఆగి ఉంటే ఈ పాటికి పెద్దమనిషి అనిపించుకునేవాడు. ఆగలేదు. స్టిక్కర్లు అంటించాడు, నాలుగు రకాల కూతలు కూసే హారన్లు బిగించాడు, సైలెన్సర్ పీకేసి లావుపాటి గొట్టాలు పెట్టి చప్పుడు పెంచాడు. చప్పుడుతోపాటు ఆయన గొంతూ పెరిగింది. చివరికి ఎవరో టర్బో కారు తెచ్చి "దీని జోరు ఇంకాస్త పెంచుతారా" అని అడిగితే, రాదని చెప్పడం చేతకాక సరేనన్నాడు. అక్కడినుంచి షెడ్డు బోర్డు మారింది, ఆయన నడక మారింది, వచ్చినవాళ్ళందరూ మాస్టారూ అని పిలవడం మొదలుపెట్టారు. ఏ బళ్ళో పాఠాలు చెప్పారు బావా అని ఒకసారి అడిగాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ షెడ్డులో పని హాయిగా జరిగింది.

టర్బో అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. ఇంజన్‌లోకి గాలిని కూరి పంపే చిన్న చక్రం. గాలి ఎక్కువ కూరితే పెట్రోలు కూడా అంతకు తగ్గట్టు పంపాలి. అది చాలకపోతే లోపల వేడెక్కి, స్పార్కు మంట వచ్చి అందుకునేదాకా ఆగకుండా, మిగిలిన గాలీ పెట్రోలూ తమంతట తామే పేలతాయి. దాన్నే నాకింగ్ అంటారు. బయటికి రేకు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు వినిపిస్తుంది. లోపల మాత్రం పిస్టన్ నెత్తిమీద సుత్తి దెబ్బలు పడుతుంటాయి. ఈ మాత్రం ముక్క మా బావకూ తెలుసు. కస్టమర్లకు చేతులు తిప్పుతూ అరగంట చెబుతాడు కూడా.

ఇక మా అక్క. మూత్రపిండాలు పాడైనవాళ్ళను వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్ళి, మళ్ళీ ఇళ్ళకు చేర్చడం ఆమె పని. ఆసుపత్రి కొండమీద ఉంది. ముగ్గురు మనుషులు, ఒక మడత చక్రాల కుర్చీ, ఆరు మలుపుల ఎత్తు. ఆసుపత్రివాళ్ళు ఎనిమిదేళ్ళుగా ఆ పని ఆమెకే ఇవ్వడానికి ఒకటే కారణం, ఆమె ఒక్కరోజు కూడా ఆలస్యంగా వెళ్ళలేదు. మెషిన్ దగ్గర ఒకరి వంతు తప్పిపోతే ఆ రోజుకు మళ్ళీ దొరకదు. ఆ ముగ్గురికీ తన మీద ఎంత నమ్మకమో అక్క ఎప్పుడూ చెప్పుకోలేదు కానీ, ఆ పని మీదే ఆమె ప్రాణం నిలబడి ఉందని నాకు తెలుసు. అది పోతే ఇంట్లో కూర్చుని బావ కోతలు వినాలి. అంతకంటే పెద్ద శిక్ష నేనైతే ఊహించలేను.

మామూలు మొగుళ్ళు పెళ్ళిరోజుకు వాచీ కొనిస్తారు. మా బావ అక్క కారు టర్బో జోరు పెంచాడు. ఆమె అడగలేదు. ఆయన చెప్పనూ లేదు. పొద్దున్నే తాళం చేతిలో పెట్టి, "ఇవాళ నడిపి చూడు, నీకే తెలుస్తుంది" అన్నాడట.

మధ్యాహ్నం అక్క షెడ్డుకొచ్చింది. "ఏమండీ, ఎత్తు ఎక్కుతుంటే ఏదో గలగలమంటోంది."

"అది పవర్ చప్పుడు."

"నాకు పవరొద్దు. ఆ చప్పుడు పోతే చాలు."

బుర్ర ఉన్నవాడు ఎవడైనా పెంచినదాన్ని మళ్ళీ తగ్గిస్తాడు. పది నిమిషాల పని. కానీ మా బావకు వెనక్కి వెళ్ళడమంటే నామోషీ. జోరు తగ్గించే ప్రసక్తే లేదు, పెట్రోలే పెంచుతానన్నాడు. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు పెద్దవి తెప్పించాడు. వాటికి పెట్రోలు అందించే పాత గొట్టం తీసేసి అద్దంలా మెరిసే అల్యూమినియం గొట్టం బిగించాడు, దానికి ఎర్రటి అల్లిక పైపులు. ట్యాంకులో పాత పంపు తీసి రెట్టింపు బలమున్న పంపు వేశాడు. పంపు వెనక సీటు కింద ట్యాంకులో మునిగి ఉంటుంది, ఎవరికీ కనిపించదు. ఆ దిగులు తీరక దాని ఖాళీ పెట్టెను షెడ్డు గోడకు మేకు కొట్టి వేలాడదీశాడు.

ఆ పంపుకు కరెంటు తీసుకెళ్ళే తీగ మాత్రం పాతదే. కార్పెట్ కింద దాక్కుని పోయే సన్న తీగ. కారు పుట్టినప్పుడు చిన్న పంపు కోసం వేసింది. పెద్ద పంపు గట్టిగా తిరగాలంటే అంత కరెంటు ఆ తీగలో పారదు. ఇది నా శాఖ. అందుకే నోరు విప్పాను.

"బావా, బ్యాటరీ నుంచి లావు తీగ వేసి రిలే స్విచ్చి పెట్టాలి. రెండు గంటల పని."

"కార్పెట్ కింద తీగకి రెండు గంటలా? పంపు ఎంత పెద్దదో చూశావా నువ్వు?"

"పెద్దదనే చెప్తున్నా."

"నీకు తీగలు తప్ప ఇంకేం కనపడవే" అన్నాడు.

పంతం పట్టి అక్క కారులోనే ఆయన్ని కొండ ఎక్కించాను. ఆయన నడుపుతుంటే నేను వెనక సీటు దిండు ఎత్తి, పంపు మూత పక్కన మోకాళ్ళ మీద కూర్చుని వోల్టు మీటరు ముళ్ళు పట్టుకున్నాను. మలుపు మలుపుకూ తలుపుకు కొట్టుకుని నా భుజం వాచింది. పద్నాలుగు వోల్టులు ఉండాల్సిన చోట, బావ కాలు అదిమినప్పుడల్లా మీటరు పది పాయింట్ నాలుగు చూపించింది. అంటే ఎత్తు మీద, సరిగ్గా కావలసినప్పుడే, ఆ ఘనమైన పంపు నీరసపడుతోంది. నేను అంకె చదివి వినిపించాను. ఆయన అద్దంలోంచి నన్ను చూసి, "నీ మీటరు పాతదై ఉంటుంది" అన్నాడు.

ఆ తర్వాత చేసిన పనులు చూస్తే ఆ మనిషిని ఏ మాటతో పిలవాలో నాకు ఇప్పటికీ తోచదు. ఇంజన్‌కు నాక్ సెన్సార్ అని ఒకటి ఉంటుంది. పేలుడు వినగానే కంప్యూటర్‌కు చెబుతుంది, కంప్యూటర్ వెంటనే జోరు తగ్గించి ఇంజన్‌ను కాపాడుతుంది. ఎత్తు మీద కారు లాగకపోవడం చూసి బావకు ఒళ్ళు మండింది. "ఇన్ని సామాన్లు వేసినా లాగదేంటి, ఈ సెన్సార్‌కి ఊరికే భయం" అని దాని కింద రబ్బరు వాషరు పెట్టి బిగించాడు. ఇక దానికి ఏదీ వినపడదు. కారు లాగింది. గలగల మాత్రం అలాగే ఉంది. దానికీ మందు కనిపెట్టాడు. పాత విద్య బయటికి తీసి, బానెట్ లోపలివైపుకు దళసరి ఫెల్టు కొలిచి, ఎర్ర దారంతో డైమండ్ కుట్టు కుట్టి అతికించాడు. ఎంత అందంగా ఉందో. బానెట్ ఎత్తినవాళ్ళు అబ్బా అనేవాళ్ళు.

"చప్పుడు పోయిందండీ" అంది అక్క మర్నాడు. ఆమె మొహం విప్పారింది. బావ నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు.

నేను రెండోసారి చెప్పాను. ఆయన్ని పక్కకు పిలిచి, వాషరు తీసెయ్ బావా, ఇంజన్ పోతుంది అన్నాను. ఆయన చెవిన పెట్టలేదు. సరే, అనుకున్నాను. ఎప్పుడో ఒక రోజు ఖాళీ బండి ఎత్తులో గుర్రుమని మొరాయిస్తుంది, అప్పుడు మాస్టారు నా బల్ల దగ్గరికి వచ్చి నువ్వు చెప్పిందే నిజం అంటాడు, ఆ మాట అనిపించుకునేదాకా నేను కదలను. లావు తీగ కొలిచి, కత్తిరించి, చివర్లకు క్లిప్పులు కూడా నొక్కి ఉంచాను. అంత సిద్ధంగా ఉన్నాను.

మూడో వారం బుధవారం పొద్దున, నాలుగో మలుపులో అక్క కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. వెనకాల తెల్లటి పొగ. ఇద్దరిని దారిన పోయే పాల వ్యాను ఎక్కించి పంపింది. మూడో ఆయన రిటైరైన హెడ్మాస్టరు, చక్రాల కుర్చీ మనిషి. వ్యాను ఎత్తుకు ఎక్కలేకపోయాడు. ఆసుపత్రి బండి వచ్చేసరికి దాదాపు రెండు గంటలు. ఎండలో గొడుగు పట్టుకుని ఆయన పక్కనే నిలబడిందట అక్క. ఆయన వంతు పోయింది. సాయంత్రానికి ఆయాసం ముంచుకొస్తే అత్యవసరంగా మెషిన్ పెట్టారు. బతికాడు. మర్నాడు ఆసుపత్రివాళ్ళు అక్కను పిలిచి, చాలా మర్యాదగా, ఇక రావద్దన్నారు.

ఇంజన్ విప్పితే రెండో పిస్టన్ అంచున గోరంత ముక్క విరిగి ఉంది. బావ దాన్ని గుడ్డలో తుడిచి బల్లమీద పెట్టి, "కల్తీ పెట్రోలు" అన్నాడు. అక్క స్టూలు మీద కూర్చుని ఆ ముక్కనే చూస్తోంది.

"నా తప్పేం లేదు" అన్నాడు. "కావాలంటే నీ చెల్లెల్నే అడుగు. మీటరు పెట్టి మరీ చూసింది."

మూడు వారాలుగా ఈ క్షణం కోసమే కాచుకుని ఉన్నాను. ఆయనే నోరు జారి నా చేతికిచ్చాడు. "పది పాయింట్ నాలుగు" అన్నాను. "పంపుకి కరెంటు అందట్లేదక్కా. తీగ మార్చమన్నాను. సెన్సార్ చెవి మూసేసి, బానెట్‌కి పరుపు కుట్టాడు నీకు వినపడకుండా. వద్దన్నాను. ఒకసారి కాదు, రెండుసార్లు చెప్పాను." నా గొంతులో సంతోషం ఉంది. అది నాకే వినపడింది.

అక్క తలెత్తింది. "ఎవరికి చెప్పావే?"

"బావకి."

"నాకు చెప్పావా?"

నా చూపు బల్లమీద కత్తిరించి ఉంచిన లావు తీగ మీదికి పోయింది.

"రోజూ నీ ముందు నుంచే కదా తాళాలు తీసుకెళ్ళాను. చప్పుడు పోయిందని అన్నప్పుడు నువ్విక్కడే నిలబడి ఉన్నావు." ఆమె గొంతు పెంచలేదు. "ఆయన సంగతి నాకు పెళ్ళైన నాటినుంచీ తెలుసు. ఆయనకి అర్థం కాక చేశారు. నీకు అర్థమయ్యి ఊరుకున్నావు."

బ్యాగు భుజాన వేసుకుని, బస్టాపు వైపు నడిచి వెళ్ళింది. బావ నా వైపు తిరిగాడు. గెలిచానన్నట్టు చూసి ఉంటే భరించేదాన్ని. అక్క లేచిన స్టూలు నా వైపు జరిపి, "కూర్చోవే" అన్నాడు మెల్లగా. ఆయన నన్ను చూసి జాలిపడుతున్నాడు.