ఆకుపచ్చను పసుపని రాసిన గురువారం

చేప రూపంలో నీటిలోకి దిగి లోకాన్ని ఒడ్డు చేర్చిన స్వామికి ముందుగా నమస్కారం. నోరులేని ప్రాణి మొర వినేవాడూ, మనిషి దాచుకున్నది చూసేవాడూ ఆయనే. ఆయన్ని తలుచుకుని, నేను చేసిన తప్పు చెప్పుకుంటాను.

మా రైల్వే క్వార్టరు ముందుగదిలో ఒక గాజు తొట్టె ఉంది. అందులో ఐదు గోల్డ్‌ఫిష్‌లు ఉండేవి. అవి మా ఆవిడవి. ఆమె ఊరవతల బోద్రీలో ఉన్న కోర్టులో గుమాస్తా. పొద్దున్న వెళ్తే మళ్ళీ సాయంత్రానికే రావడం. నాది లోకో షెడ్డులో షిఫ్టు డ్యూటీ కాబట్టి పగళ్ళు ఇంట్లో ఉండేది ఎక్కువగా నేనే. అందుకని తొట్టెలో అమోనియా చూసే పని నాకు అప్పగించింది. చేపల మలమూ, అవి తినగా మిగిలినదీ కుళ్ళితే నీటిలో అమోనియా పుడుతుంది. నీళ్ళు చూడ్డానికి తేటగానే ఉంటాయి, చేపల మొప్పలు మాత్రం కాలిపోతాయి. సోమవారం, గురువారం చిన్న గాజు గొట్టంలో తొట్టె నీళ్ళు పట్టి, రెండు సీసాల్లోంచి ఎనిమిదేసి చుక్కలు వేసి, ఊపి, ఐదు నిమిషాలు ఆగాలి. పసుపు రంగు వస్తే క్షేమం. ఆకుపచ్చ వస్తే వెంటనే సగం నీళ్ళు తీసి కొత్తవి పొయ్యాలి. వచ్చిన రంగు పక్కనున్న నోటుబుక్కులో హిందీలో రాయాలి. మా ఆవిడ ఈ హిందీ ఊళ్ళోనే పుట్టి హిందీ మీడియంలో చదివింది. తెలుగు మాట్లాడుతుంది గాని, చదవడం రాదు.

"మీరైతే సరిగ్గా చూస్తారు," అంది ఆ పని అప్పగించినప్పుడు. "షెడ్డు రిజిస్టర్లో ఇన్నేళ్ళలో ఒక్క దొంగ రీడింగు రాసేరా ఏటి?"

రాయలేదు. ఆమె అలా అన్నందుకు చాలా రోజులు గర్వపడ్డాను.

మా భజన బృందంలో ఒక మొక్కు ఉంది. శ్రీరామనవమి తర్వాత వచ్చే ఏకాదశి నాడు చిన్న కాగితం ముక్కల మీద రామనామం రాసి, ఒక్కొక్కటీ గోధుమపిండి ఉండలో పెట్టి, నూట ఎనిమిది ఉండలు నదిలో చేపలకు వేస్తాం. ఇక్కడి హిందీవాళ్ళ దగ్గర మా పెద్దలు నేర్చుకున్న ఆచారం. ఆ ఏడు మా ఊరి అర్పా నదిలో ఇసుక తప్ప మరేమీ కనబడలేదు. ముందురోజు భజన అయ్యాక అదే బెంగగా చెబితే, మాకు తాళం వేసే పెద్దాయన, రిటైరైన గార్డు, నవ్వాడు.

"నదికెందుకురా ఎల్లడం? మీ ఆవిడ నదిని గాజుపెట్టెలో పెట్టి ఇంట్లోనే ఉంచింది కదా."

"అది చిన్న తొట్టె, బాబాయ్."

"చిన్న తొట్టెలోవి చేపలు కావేటి? లేపోతే మీ ఆవిడంటే భయమా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మంగళవారం ఏకాదశి. ఆమె డ్యూటీకి వెళ్ళాక, పెన్సిలుతో రాసిన చీటీలను ఉండల్లో పెట్టి ఒక్కొక్క నామానికి ఒక్కొక్కటి వేశాను. మొదటి పాతిక ముప్పై ఉండలను చేపలు ఎగబడి తిన్నాయి. తర్వాత మొహం తిప్పుకున్నాయి. మొక్కు మధ్యలో ఆపకూడదని మిగతావన్నీ వేసేశాను. అడుగుకు దిగినవాటిని గరిటె కాడతో గులకరాళ్ళ కిందికి తోశాను, ఆమె కంటపడకుండా. దాచుకోవలసి వచ్చిన పూజ పూజ కాదని అప్పుడే తెలిసి ఉండాలి నాకు.

గురువారం గొట్టంలో నీళ్ళు గోరింటాకు ముద్ద రంగుకు తిరిగాయి. నోటుబుక్కు తెరిచి 'పీలా' అని రాశాను. పసుపు అని. రామనామం పడ్డ నీళ్ళు విషమెలా అవుతాయి, సీసాల్లో మందే పాతబడి ఉంటుంది అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. ఆకుపచ్చ అని రాస్తే ఎందుకొచ్చిందని ఆమె అడుగుతుంది.

శనివారం ఆమె ఇంట్లో ఉంది. చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరిచి గాలి మింగుతున్నాయి. నాలుగేళ్ళుగా ఆమె వేలు కనబడితే చాలు అద్దం దగ్గరికి ఈదుకొచ్చే పెద్ద చేప పక్కకు ఒరిగిపోయింది.

"ఏటండి ఇలాగున్నాయి? గురువారం పీలాయే వచ్చింది కదా?"

"అవును."

"మత్లబ్... అంటే అమోనియా కాదు. అయితే నాదే తప్పు. మొన్న ఆదివారం ఫిల్టరు స్పంజి నల్లా కింద కడిగీసేను. నల్లా నీళ్ళలో క్లోరిన్ ఉంటాది, చేపలకి పడదు. తొట్టె నీళ్ళతోనే కడగాలి. తెలిసీ బద్ధకించేను." వంగి అద్దంలోంచి చూస్తూ అంది, "ఇంకోపాలి టెస్టు చూడండి. నేను వీటి దగ్గరే ఉంటాను."

గొట్టం తీసుకుని వంటగదిలోకి వెళ్ళాను. ఐదు నిమిషాలు రామ రామ అనుకుంటూ నిలబడ్డాను. ఆకుపచ్చే. సింకులో పారబోసి, కుళాయి తిప్పి, "పసుపే," అని కేకేశాను.

ఎండదెబ్బ కూడా తోడైందేమో అనుకుని ఆమె తొట్టె మీదికి ఫ్యాను తిప్పి పెట్టింది.

ఆదివారం పొద్దుటికి ఆ పెద్దదీ, ఇంకొకటీ పోయాయి. "నేనే చంపీసేను," అని ఆమె రెండుసార్లు అంది. నేను పక్కనే ఉండి విన్నాను.

తొట్టె శుభ్రం చేద్దామని గులకరాళ్ళు ఎత్తితే కింద కుళ్ళిన పిండి, కాగితం ముక్కలు. పెన్సిలు రాత నీటికి చెరగలేదు. ఒక ముక్క అరచేతిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఇది మీ తెలుగులాగుంది. ఏటి రాసుంది?"

ఏం చెప్పినా నమ్మేది. అప్పటిదాకా నమ్మింది కదా. రోజుకు వెయ్యిసార్లు నేను పలికే రెండక్షరాలే అవి.

"రామ."

"ఎన్ని ఏసేరు?"

"నూట ఎనిమిది."

"అచ్ఛా." ఆ ముక్కను కింద పడెయ్యకుండా గిన్నెలో పెట్టింది. "అది భక్తి, పోనియ్యండి. గొట్టంలో రంగు ఏటొచ్చింది?"

"ఆకుపచ్చ. రెండుసార్లూ."

"మరి నేనే చంపేననుకుంటూంటే ఊరుకున్నారేటి?"

గులకరాళ్ళలోంచి మిగతా చీటీలు ఏరి ఆ గిన్నెలో వెయ్యడం మొదలుపెట్టాను.

తర్వాతి భజనలో ఈ సంగతి చెప్పుకుంటే పెద్దాయన నా భుజం తట్టాడు. "రామనామం పొట్టలో పెట్టుకుని పోనాయిరా. వాటికి మోక్షమే. పుణ్యమే చేసేవు."

ఆ మాట నాకు తియ్యగా తగిలింది. ఇంటికి మోసుకొచ్చి మర్నాడు పొద్దున్న ఆమెకు చెప్పాను. ఆమె గొట్టంలో చుక్కలు వేస్తోంది. ఎనిమిదీ అయ్యేదాకా తలెత్తలేదు.

"మోక్షానికెళ్ళేవి గాలికోసం అలాగ కొట్టుకుంటాయేటండి?" అంది.

ఇప్పుడు ఆ పని ఆమే చేసుకుంటుంది, డ్యూటీకి వెళ్ళేముందు. నన్ను అడగదు. నాతో మామూలుగానే మాట్లాడుతుంది, అన్నం పెడుతుంది. నన్ను క్షమించమని ఆమెను నేను ఇంకా అడగలేదు. దేవుణ్ణి చాలాసార్లు అడిగాను, అది సులువు.

ఇది చదివిన మీరు ఎవరైనా సరే, ఒక్క నిమిషం నాతోపాటు చేతులు జోడించండి. స్వామీ, నీ పేరు చాటున ఈ మనిషిని మళ్ళీ దాక్కోనివ్వకు. నా తప్పును తన మీద వేసుకున్న ఆమె మనసుకు శాంతినివ్వు. మిగిలిన మూడు ప్రాణాలను కాపాడు. ఆమె ఎదుట నిలబడి అడగవలసిన మాట అడిగే ధైర్యం నాకివ్వు. నాతోపాటు మీరూ అడగండి.