సంచి బిళ్ళ

ఊరూరా శాఖలున్న ఆ పెద్ద పుస్తకాల దుకాణం బెంగళూరులో మూసేశారని తెలిసినా, మొన్న రైలు దిగాక కాళ్ళు అటే నడిచాయి. ఇప్పుడక్కడ పరుపులు అమ్ముతున్నారు.

మా నాయన కేజీఎఫ్ బంగారు గనిలో లోపలి పని చేసినవాడు. దిగేటప్పుడు నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ తీసుకుని, పైకొచ్చాక తిరిగి బోర్డుకు తగిలించాలి. ఒక కొక్కెం ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా భూమిలోపలే ఉన్నాడని అర్థం, ఆ మనిషి దొరికేదాకా పైవాళ్ళు ఇంటికి పోరు. గని మూతపడ్డాక ఆయనకు జీతం కన్నా ఆ బిళ్ళ పోయిన దిగులే ఎక్కువైంది. "ఇంగ నేను యాడుంటే ఎవురికి కావాలప్పా" అనేవాడు.

అప్పట్లో నేను రోజూ రైల్లో బెంగళూరు పోయి ఒక పత్రికలో పనిచేసేవాణ్ణి. ఒకనాడు ఆయన్ను వెంటబెట్టుకుపోయి, నా పని ముగిసేదాకా ఆ దుకాణంలో ఉండమన్నాను. గుమ్మం దగ్గర సంచులు తీసుకుని దాచే ఆమె, మా రైలు దారిలోని మాలూరు మనిషి, నంబరు బిళ్ళ చేతిలో పెడితే, నాయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "గనిలోకి దిగే లిఫ్టు యాడుండాదమ్మా?" అన్నాడు. "ఈడంతా ఎక్కేదే తాతా, దిగేది లే" అని ఆమె నవ్వింది.

ఆ తర్వాత తరచూ వచ్చేవాడు. ఇంగ్లీషు రాదు, కొండల బొమ్మలున్న లావుపాటి పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని, రాతి చారలను వేలితో తడుముతూ కూర్చునేవాడు. కొనమని ఎవరూ అడిగేవారు కారు.

ఒక సాయంత్రం ఆఫీసులో నాకు ఆలస్యమైంది. పరుగున వెళ్ళేసరికి షట్టరు సగం దిగి ఉంది, మాలూరు ఆమె వాచ్‌మన్‌తో గొడవ పడుతోంది: "ఒక సంచి మిగిలుండాది. మనిషి లోపలే ఉండాడు. నీకు తొందరైతే నువ్వు పో." తానే మెట్లెక్కి, మూల అలమర వెనక కునుకు తీస్తున్న నాయనను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. రైలు మా స్టేషను మారికుప్పం చేరేదాకా నాయనది ఒకటే మాట: "నా కోసరం వెతికినారప్పా."

ఇప్పుడు పుస్తకాలు ఇంటికే వస్తాయి, మా పక్క బేతమంగళం పల్లెలకూ వస్తాయి, అది మేలే. నేనేం చూశానో ఫోను గుర్తుపెట్టుకుంటుంది. కానీ పుస్తకంలో మునిగి నేనెక్కడో ఆగిపోతే, మనిషొకడు లోపలే ఉన్నాడని మెట్లెక్కి వచ్చేవారెవరు?

మొన్న ఆ పరుపుల దుకాణం గుమ్మంలో, అలవాటు కొద్దీ నా చేతిసంచి అందించబోయాను. "పర్వాలేదు సార్, మీ దగ్గరే ఉంచుకోండి" అన్నాడు అక్కడి కుర్రాడు మర్యాదగా.