అవ్వ పసుపు పెట్టిన వాక్యం

మా ఇంటి వెనక లేఅవుట్ పార్కులో నెలకోసారి గడ్డి కోసే మిషను తిప్పుతారు. ఆ పచ్చి వాసన కిటికీలోంచి వంటింట్లోకి వచ్చినప్పుడల్లా నా చెయ్యి తనంతట తానే నీళ్ల బిందె మీద మూత సరిచేస్తుంది. పార్కులో ఉన్నది నర్సరీ నుంచి తెచ్చి పరిచిన గడ్డి, గరిక కాదు. ఆ తేడా నా ముక్కుకు పట్టదు. దానికి అది గ్రహణం వాసనే. శామీర్‌పేట చెరువు కట్ట కింద మా పెంకుటింట్లో, గ్రహణంనాటి సాయంత్రం అవ్వ ఒడినిండా గరిక తెంపుకొచ్చి నీళ్ల కుండల మీద, తొక్కు జాడీ మీద, ఉప్పు చిప్ప మీద, ఆఖరికి దండెం మీద ఆరేసిన నాయిన వల మీద కూడా రెండేసి పోచలు పెట్టేది.

మాది చెరువు మీద బతికే ఇల్లు. నాయిన, ఆయన తమ్ముడు చిన్నాయిన తెల్లవారకముందే తెప్ప మీద వెళ్లి వలలు ఎత్తుకొచ్చేవారు. అమ్మ, కొత్తగా కాపురానికి వచ్చిన చిన్నమ్మ చేపల గంపలు నెత్తిన పెట్టుకుని కరీంనగర్ రోడ్డు మీద బస్సులు ఆగే చోటికి పోయేవారు. ఎండాకాలం చెరువు అడుగంటి చేప చిక్కనప్పుడు జొన్న గటక, చింతచిగురు వేసిన ఎండుచేపల కూర. వానలు పడి చెరువు నిండితే పూటపూటా పులుసే. పగలంతా కట్ట మీద చిర్రగోనె ఆడి, మోకాళ్లు చెక్కుకుపోయి ఇంటికొస్తే, వాకిట్లో నులక మంచాలు వేసి ఉండేవి. దోమలకు వేపాకు పొగ, తడి వలల నీచు వాసన, అవ్వ నోట్లో నలుగుతున్న తమలపాకు వాసన, వీటి మధ్య వెల్లకిలా పడుకుంటే మీద ఆకాశం ఒక్క ఖాళీ లేకుండా చుక్కలతో నిండి ఉండేది.

అవ్వకు ఆ చుక్కలన్నీ ఇరుగుపొరుగే. వరసగా మూడుంటే గొర్రుకొయ్యలు, గుంపుగా ఉంటే పిల్లలకోడి, నాలుగు మూలలా నాలుగుంటే మంచంకోళ్లు. ఇంట్లో గడియారం లేదు కనుక అవి ఎక్కడిదాకా వచ్చాయో చూసి నాయినను వలలకు లేపేది. ఒకసారి అడిగాను.

"అవ్వా, గీ సుక్కలన్నిటిని ఎవలు జేసిండ్రే?"

"దేవుడు వల ఆరేసిండు పొల్లా. సుక్కలు గా వల ముడులు."

"మరి గాయిన కనబడడేంది?"

"వల ఏసినోడు సేపకు కనబడ్తడా? పండుకో."

బడిచదువు నాకు ఏడో తరగతితో ఆగిపోయింది. మిగిలిన చదువంతా శామీర్‌పేటలోని ఒంటిగది లైబ్రరీలో, కిటికీ పక్క బెంచీ మీద, ఎవరూ చెప్పకుండా నాకు నేనుగా చదువుకున్నదే. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ గర్వమే. గ్రహణం వచ్చిన ఏడు నాకు పన్నెండేళ్లు. పిల్లల కోసం రాసిన ఖగోళ పుస్తకం ఒకటి అప్పటికే మూడుసార్లు చదివేశాను. ఒక సాయంత్రం చిన్నమ్మను కూర్చోబెట్టి, కందిలిని సూర్యుడన్నాను, జామకాయను భూమి అన్నాను, నిమ్మకాయను చంద్రుడన్నాను. జామకాయ నీడ నిమ్మకాయ మీద పడేలా పట్టుకుని, "గిదే గ్రహణం, పాము లేదు, మింగుడు లేదు" అన్నాను. చిన్నమ్మ శ్రద్ధగా విని, జామకాయ అందుకుని కొరికింది. "భూమిని తిన్నవు చిన్నమ్మా!" అంటే, "ఆకలైతాంది మరి, ఇద్దరికి తినాలె గద" అంది.

ఆమెకు అప్పుడు అయిదో నెల. అంతకుముందు ఒక కడుపు మూడో నెలలోనే పోయింది. అందుకే అవ్వ ఆమెను గుడ్డులా చూసుకునేది. ఇంకో భయమూ ఉంది. మా వాడకట్టులో వలలు అల్లే ఒకాయనకు పుట్టుకతోనే పై పెదవి చీలి ఉండేది. ఆయన చెయ్యి తిరిగిన పనివాడు, నాయినకు మంచి దోస్తు. ఆయన్ను ఎవరూ ఏమీ అనేవారు కాదు గానీ, ముసలిదైపోయిన వాళ్లమ్మను మాత్రం ఊరు వదిలిపెట్టలేదు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణంనాడు కత్తిపీట ముందు కూర్చుందని ఏ పెళ్లిలోనో, ఏ బోనాల్లోనో ఎవరో ఒకరు గుర్తుచేసేవారు. పుట్టబోయే బిడ్డ నిండుగా పుట్టాలి, చిన్నమ్మ మీద అలాంటి మాట పడకూడదు. అవ్వ కోరుకున్నది అంతే.

ఆ మాఘ పున్నమినాడు చంద్రుడు కట్ట మీదికి వచ్చిన కాసేపటికే గ్రహణం పట్టింది. ఇంట్లో మిగతావాళ్లు కట్ట మైసమ్మ గుడి దగ్గర భజనకు పోయారు. అవ్వ తలుపు వేసి, కిటికీకి గోనెపట్టా కట్టి, చిన్నమ్మను చాప మీద కాళ్లూ చేతులూ చాపి నిటారుగా పడుకోబెట్టింది. గది మధ్యన ఇత్తడి తాంబాళంలో పసుపునీళ్లు పోసి, అందులో రోకలి నిలబెట్టింది. గ్రహణం ఉన్నంతసేపు రోకలి నిలబడుతుందని, విడవగానే పడిపోతుందని మా ఇళ్లల్లో లెక్క.

"అత్తా, దూపైతాంది," అంది చిన్నమ్మ.

"రోకలి పడేదాక గుటక నీళ్లు లెవ్వు. కదలకు."

"నడుము పట్టుకపోయింది అత్తా."

"నా నడుము ఏడు కాన్పులకు ఏడుసార్లు పట్టుకపోయింది. సచ్చిన్నా?"

చిన్నమ్మ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నేను తాంబాళం పక్కనే కూర్చున్నాను. పుస్తకం చెప్పింది నిజమని నాకు తెలుసు. నీడకు ఇంత భయమెందుకని కోపం. అన్నిటికన్నా ఎక్కువగా, బయట చంద్రుడు ఎర్రబడే వేళ నేను గోనెపట్టా వెనక ఉండిపోయానన్న బాధ. అవ్వ కళ్లు మూసుకుని రామ రామ అనుకుంటోంది. నేను కాలు చాపి బొటనవేలితో రోకలిని తోశాను.

అది దభీమని పడింది. అవ్వ కళ్లు తెరిచి, "ఇడిసింది, ఇడిసింది!" అంటూ తలుపు తీసింది. చిన్నమ్మ దాహంతో వాకిట్లోకి వెళ్లి, కుండలో చెంబు ముంచి, తల వెనక్కి వంచి నీళ్లు ఎత్తి పోసుకుంది. అలా పైకెత్తిన మొహానికి ఎదురుగా, కాలిన రాగి చెంబులా చంద్రుడు ఉన్నాడు. పున్నమి వెలుగులో కనిపించకుండా పోయిన చుక్కలన్నీ తిరిగొచ్చి చుట్టూ నిండి ఉన్నాయి. అంత అందమైన ఆకాశాన్ని నేను మళ్లీ చూడలేదు. చిన్నమ్మ చేతిలో చెంబు జారింది. "అత్తా, ఇంక ఇడువలే," అంది.

అవ్వ చంద్రుడిని చూసింది, లోపల పడి ఉన్న రోకలిని చూసింది. "గ్రహణం నడుమల పడ్డదా," అని ఒక్క మాట అని గడపలో కూలబడింది.

మర్నాటి నుంచి అవ్వ మంచం వాకిట్లోంచి అరుగు మీదికి మారింది. ఆకాశం వైపు చూడడమే మానేసింది. చిన్నమ్మకు అన్నం పెట్టేటప్పుడు ఆమె మొహంలోకి చూడకుండా పెట్టేది. దేవుడు కావాలనే రోకలిని తోశాడని, అది రాబోయే కీడుకు గుర్తని అవ్వ లోపల్లోపల నలిగిపోతోందని నాకు అర్థమైంది. నాలుగో రోజు వల కుడుతున్న అవ్వ దగ్గరికి పోయి నిలబడ్డాను.

"అవ్వా, రోకలి దానంతటది పడలే. నేనే కాలితోని తోసిన."

అవ్వ చేతిలోని వల పక్కన పెట్టింది. తర్వాత చీపురు అందుకుంది. "నీ కాళ్లు ఇరగ్గొడ్త దొంగపోరీ!" అని నాలుగు దెబ్బలు వేసి, ఉన్నట్టుండి కింద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. "నువ్వా! దేవుడనుకొని నాలుగు దినాలు సచ్చిన గదనే!"

నవ్వు ఆగాక గొంతు తగ్గించి అడిగింది: "మరి అది చంద్రుని సూసె గద. కడుపుతోటి ఉన్నామె సూస్తె ఏమైతదని నీ బుక్కుల రాసిండ్రు? తీసుకొచ్చి సదువు."

లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చాను. దారి పొడవునా వెతికాను. నీడల గురించి, దూరాల గురించి ఎంతో ఉంది గానీ కడుపుతో ఉన్నవాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. ఆ సాయంత్రం అరుగు మీద అవ్వ, చిన్నమ్మ చెరోవైపు కూర్చున్నారు. నేను గొంతు సవరించుకుని, పుస్తకం తెరిచి, అందులో లేని వాక్యాన్ని చదివాను: "గ్రహణాన్ని చూడటం వల్ల గర్భిణికి గాని, కడుపులోని బిడ్డకు గాని ఎటువంటి హానీ కలగదు."

"ఇంకోపారి సదువు," అంది అవ్వ. చదివాను. "ఏడున్నదది? యేలు పెట్టు."

ఎక్కడో ఒక చోట వేలు పెట్టాను. అవ్వ లోపలికి పోయి పసుపు తెచ్చి, సరిగ్గా నా వేలున్న చోట బొట్టు పెట్టి, పుస్తకాన్ని కళ్లకద్దుకుంది. చిన్నమ్మ కూడా అద్దుకుంది. పసుపు కింద ఉన్న అసలు వాక్యం, చంద్రుడికి సొంత వెలుగు లేదన్నది.

పుస్తకం తిరిగి ఇవ్వబోతే లైబ్రరీ సారు పేజీ తిప్పి, "ఏందమ్మా, చంద్రునికి పసుపు పెట్టి తెచ్చినవ్?" అన్నారు. జరిగిందంతా చెప్పాను. ఇక నన్ను గడప తొక్కనివ్వరేమో అనుకున్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "నువ్వు సదివింది నిజమే. రాసినాయన గా మాట రాయుడు మర్చిపోయిండు," అని పుస్తకాన్ని బీరువాలో పెట్టేశారు.

నాలుగు నెలలు గడిచాయి. పగలు నేను పుస్తకం మనిషిని. చీకటి పడ్డాక, మంచం మీద వెల్లకిలా పడుకున్నాక మాత్రం ఆ అబద్ధపు వాక్యం గుండె మీద కూర్చునేది. నేను కల్పించిన మాటను పట్టుకుని ఇద్దరు ఆడవాళ్లు ధైర్యంగా నిద్రపోతున్నారు. ఆ మాట తప్పయితే? ఆ చుక్కల వెనక ఎవరున్నారో తెలియకుండానే, బిడ్డ నిండుగా పుట్టాలని చేతులు జోడించేదాన్ని.

ఆషాఢంలో, తొలి పెద్దవాన పెంకుల మీద మోగుతున్న మధ్యాహ్నం చిన్నమ్మకు ఆడపిల్ల పుట్టింది. అవ్వ వేడినీళ్లతో చెయ్యి కడుక్కుని, బిడ్డ పై పెదవి మీద వేలు రాసి, నోరు తెరిచి అంగిలి చూసి, కన్నతండ్రి కన్నా ముందు నన్ను కేకేసింది. "పొల్లా, రా. నువ్వే సూడు. నిండుగున్నది." అందరూ ఉండగా ముందు నన్నెందుకు పిలిచిందో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. బిడ్డకు చుక్కమ్మ అని పేరు కూడా అవ్వే పెట్టింది.

చాలా ఏళ్ల తర్వాత అదే లైబ్రరీలో, ఒక డాక్టరు రాసిన పుస్తకంలో, నేను కల్పించిన వాక్యం అచ్చులో కనిపించింది. కడుపులో తొలి మూడు నెలల్లోపే రెండు పక్కల నుంచి పెరిగివచ్చి పై పెదవి మధ్యలో కలుస్తుందని కూడా ఉంది. అంటే నేను రోకలి తోసేనాటికి చుక్కమ్మ పెదవి ఏనాడో తయారై ఉంది. ఎలా కలుస్తుందో ఆ డాక్టరు చక్కగా వివరించాడు. ఆ చీకట్లో, ఎవరూ చూడకుండా, రెండు అంచులూ ఒకదాన్నొకటి ఎలా వెతుక్కుంటాయో చదివినప్పుడు, మాఘ పున్నమినాడు రాగి చంద్రుడి కింద కలిగిన ఒళ్లు జలదరింపే మళ్లీ కలిగింది. అప్పటినుంచి పుస్తకానికీ మొక్కుకూ నాలో తగవు లేదు.

అవ్వ లేదు, సారు లేరు. రోడ్డు వెడల్పులో లైబ్రరీ గది పోయింది. లేఅవుట్ల లైట్లు, హైవే లైట్లు కలిసి ఆకాశాన్ని బూడిద రంగు చేశాక పిల్లలకోడి ఎక్కడ పొదుగుతోందో నాకు దొరకడం లేదు. చుక్కమ్మ ఇప్పుడు కండ్లకోయలో ఒక కాలేజీలో పాఠం చెబుతుంది. ఆదివారాలు చిన్నమ్మను తీసుకుని మా ఇంటికి వస్తుంది. మేడ మీద కూర్చుని కాలేజీ బస్సు గురించి, పిల్లల అల్లరి గురించి ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతుంది. నేను వింటూనే ఉంటాను గానీ, చూపు మాత్రం ఆమె పై పెదవి మీదే ఉంటుంది.

"ఏందక్కా గట్ల సూస్తవ్, ఏమన్న అంటుకున్నదా?" అని మూతి తుడుచుకుంటుంది.

"ఏం లేదు, నువ్వు మాట్లాడు," అంటాను.