పొడి వాకిలి

ఈసారి పెయింటర్ పన్నెండు వేలు అడిగాడు. నాలుగు మంచాలు పక్కపక్కన వేస్తే నిండిపోయే కట్టె వేదికకు పన్నెండు వేలు. మునుపైతే గొడవపడేదాన్ని. ఆ సాయంత్రం బడి నుంచి వచ్చి, మా ఆయనకు ఒళ్లు తుడిచి, బట్టలు మార్చి, అన్నం కలిపి తినిపించి అప్పుడే చేతులు కడుక్కున్నాను. గొడవపడడానికైనా ఓపిక ఉండాలి కదా. "చూద్దాం, పొద్దుగాల వచ్చి కొలుసుకోండ్రి" అని మంచినీళ్లిచ్చి పంపేశాను.

మూడేళ్ల కిందట మా ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. అంతకు ముందు లారీ తోలేవాడు. సీజనులో చెరకు, మిగతా రోజుల్లో అల్లం, ఆలుగడ్డ. ఇంట్లో కాలు నిలిచే మనిషి కాదు. దవాఖాన నుంచి తీసుకొచ్చిన కొత్తలో ఇల్లంతా జనమే. డ్రైవర్లు, క్లీనర్లు, హమాలీలు పండ్లు పట్టుకొచ్చి ధైర్యం చెప్పి పోయేవాళ్లు. తర్వాత ఒక్కొక్కరే రావడం మానేశారు. ఎవరి బతుకు వాళ్లది అని నేను సర్దిచెప్పుకున్నాను. ఆయన సర్దుకోలేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. ముద్ద నోట్లో పెడితే నమలకుండా అట్లాగే ఉంచుకునేవాడు. డాక్టరు ఆకలికి మందు రాశాడు. నాకు తెలిసి ఆయనకు తక్కువైంది మనుషులే.

అందుకని బయట కూర్చోబెడదామనుకున్నాను. మా గడపకూ రోడ్డుకూ నడుమ నాలుగు మెట్లు, వాటి కింద మురికినీళ్ల మోరి. చక్రాల కుర్చీ దిగదు. సిమెంటుతో పూడ్చేస్తే మోరి తీసేవాళ్లు వచ్చినప్పుడల్లా పగలగొడతారని అందరూ భయపెట్టారు. చివరికి వడ్లాయనను పిలిచి, మెట్లనూ మోరినీ కప్పేటట్టు గడప నుంచి రోడ్డు అంచు దాకా చెక్కలతో వేదిక కొట్టించాను. అవసరమైతే చెక్కలు లేపి మళ్లీ పరుచుకోవచ్చు. మా ఆయన దానికి 'మంచె' అని పేరు పెట్టాడు, జొన్నచేనులో పిట్టల్ని తోలడానికి కట్టుకునే మంచె. పొద్దున్నే కుర్చీ తోసి అక్కడ వదిలితే, న్యాల్‌కల్ పోయే ఆటోలనూ చెరకు ట్రాక్టర్లనూ చూసుకుంటూ కూర్చుంటాడు. పోయేవాళ్లు చెయ్యి ఊపుతారు, ఆయన కుడి చెయ్యి లేపుతాడు. అక్కడ పెడితే అన్నం తింటాడు, లోపల పెడితే తినడు. ఈ ఒక్క లెక్క మీదే నా ఇల్లు నడుస్తోంది.

కాబట్టి ఆ చెక్కలు పుచ్చిపోకూడదు. పోయిన వానాకాలం ఒక చెక్క ఉబ్బి, చక్రం ఇరుక్కుని, ఆయన కుర్చీతో సహా మోరిలో పడబోయాడు. ఎదురింటామె పరుగెత్తుకొచ్చి పట్టుకోబట్టి సరిపోయింది. చెక్కలు పోతే ఆయన మళ్లీ గోడవైపు తిరుగుతాడని నాకు బాగా తెలుసు.

మొదటి ఏడాది రంగుకు ఏడు వేలయింది, రెండో ఏడాది తొమ్మిది. రెండుసార్లూ దసరా రాకముందే పొట్టు లేచిపోయింది. ఖర్చు తడిసి మోపెడవుతున్నా చెక్క మాత్రం బోడిగానే మిగిలింది. వాన వల్ల అంటాడు పెయింటరు. వాన ఊరందరి మీదా పడుతుంది, అందరి తలుపుల రంగు ఊడిపోతున్నదా అంటాను నేను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ సంగతి అని మొహం మీదే అన్నాను. రంగులో ఏదో కలుపుతున్నాడనే నా నమ్మకం.

చెప్పినట్టే మర్నాడు తెల్లవారుతుండగా టేపు పట్టుకుని వచ్చాడు. అప్పటికి నేను వాకిలి ఊడ్చి, పేడ కలిపిన నీళ్లు బకెట్‌తో తెచ్చి సాంపి చల్లుతున్నాను. మంచె మీదే. గడప ముందు మట్టి అనేదే లేనప్పుడు నా వాకిలి అదే కదా. అతను టేపు జేబులో పెట్టుకుని రోడ్డు మీద గొంతుక్కూర్చున్నాడు.

"టీచరమ్మా, రోజు గిట్లనే పోస్తరా?"

"పొయ్యకుంటె ఎట్ల? వాకిలి గద."

"శుక్రారం?"

"శుక్రారం కడుగుత. గడపకు పసుపు రాస్త."

"రెండేండ్ల సంది నా రంగు మీద బకెట్లకు బకెట్లు గుమ్మరిచ్చుకుంట, నన్ను దొంగను చేస్తిరి గదమ్మా" అన్నాడు. కోపం లేదు అతని గొంతులో. తన మీది కేసు కొట్టేసినట్టు హాయిగా ఉన్నాడు. తర్వాత షరతులు పెట్టాడు. "రంగేసినంక వారం దాక సుక్క నీళ్లు తగలొద్దు. ముగ్గు వద్దు, కుర్చి ఎక్కొద్దు. ఆ తర్వాత గూడ తడిబట్టతోని తుడుసుకోవాలె గని బకెట్ ఎత్తొద్దు. ఒప్పుకుంటెనే బ్రష్ పడ్త. లేకపోతె మీ పైసలు నాకొద్దు."

పైసలు వద్దన్న పెయింటర్ని అదే మొదటిసారి చూడడం. అయినా సరే అనలేకపోయాను.

సాంపి లేదు, ముగ్గు లేదు అంటే ఆ ఇంట్లో మనిషి పోయాడని అర్థం. మా దగ్గర ఇది ఒకరికి ఒకరు చెప్పుకోవలసిన సంగతి కాదు, చూస్తే తెలిసిపోతుంది. ఆయన పట్నం దవాఖానలో ఉన్నన్నాళ్లూ మా వాకిట్లో ఎదురింటామె రోజూ సాంపి చల్లి ముగ్గు వేసింది. నేను అడగలేదు. ఇంటికి తిరిగొచ్చి ఆ ముగ్గు చూసి, ఆటో దిగకుండానే ఏడ్చేశాను. బడిలో పిల్లలకు నేను చెప్పేది సైన్సు. నీళ్లు చల్లకపోతే మనుషులు పోరని నాకు తెలుసు. తెలిసినా చేతులు వినవు.

మాటలన్నీ లోపల ఆయన విన్నాడు. నాలుక మొద్దుబారి మాట ముద్దగా వస్తుంది, నాకు తప్ప ఎవరికీ సరిగ్గా అర్థం కాదు.

"ఏయించు" అన్నాడు. "నేను సావలే గద. వాకిలి పొడిగుంటె ఏంది?"

"అట్లాంటి మాట నోట్ల నుంచి రానీయకండ్రి" అని కసిరాను. కసిరి, వెళ్లి అడ్వాన్సు ఇచ్చాను. నా నెల జీతంలో సగానికి పైగా పోయింది.

రెండు రోజులు గీకారు, పుచ్చిన చెక్క మార్చారు, టేకు రంగు రెండు పూతలు వేశారు. కుక్కలు ఎక్కకుండా, మనుషులు తొక్కకుండా మా ప్లాస్టిక్ కుర్చీలు రెండు రోడ్డు అంచున అడ్డం పెట్టి పోయాడు పెయింటరు. నేను వెనక తలుపు నుంచి తిరిగాను. ఆయన మంచంలో మళ్లీ గోడవైపు తిరిగాడు. వాసనకు తల నొప్పి అన్నాడు. పొద్దున్నే లేచి చీపురు అందుకుని, మళ్లీ మూలకు పెట్టడం నాకు పెద్ద పనైపోయింది. అన్నం సగం సగం మిగిలేది. వారమే కదా, వారమే కదా అనుకుంటూ గిన్నెలు తోముకున్నాను.

ఎదురింటామెకు సంగతి తెలుసు. రోడ్డున పోయేవాళ్లకు ఏం తెలుసు? పొడి వాకిలి, ముగ్గు లేదు, రోజూ చెయ్యి ఊపే మనిషి కనబడడు, ఇంటి ముందు కుర్చీలు వేసి ఉన్నాయి. చావింటి ముందే కదా అట్లా కుర్చీలు వేసేది. ఆటోవాళ్లు చూసుకుంటూ పోయారు, చూసింది న్యాల్‌కల్ దాకా మోసుకుపోయారు.

ఆదివారం మధ్యాహ్నం నేను వెనక సందులో బట్టలు ఆరేస్తున్నాను. ఒకాయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చి నా ముందు నిలబడి బోరుమన్నాడు. పోల్చుకోవడానికి క్షణం పట్టింది. మా ఆయన దోస్తు. ఏళ్ల తరబడి ఇద్దరూ ఒకే లారీ తోలారు, ఒకరు నిద్రపోతే ఒకరు స్టీరింగు పట్టేవాళ్లు. అతను మా గడప తొక్కి రెండేళ్లు దాటింది.

"వదినె, ఒక్క కబురన్న పెట్టకపోతిరి. ఆఖరి సూపు గూడ లేకపాయె" అన్నాడు. చేతిలో కవరు, కవరులో పూలదండ.

చేతిలో తడిబట్ట అట్లాగే వదిలేశాను. అన్నం పెట్టి వచ్చి ఎంతోసేపు కాలేదు, ఇంతలోనే ఏమైందో, నాకన్నా ముందు ఈయనకు ఎట్లా తెలిసిందో అని లోపలికి పరుగెత్తాను. ఆయన మంచంలో కళ్లు తెరుచుకుని ఉన్నాడు. నా వెనకే వచ్చిన దోస్తు గుమ్మంలో కొయ్యబారిపోయి, కవరు వీపు వెనక్కి దాచుకున్నాడు.

మా ఆయన చూపు ఆ కవరు మీదికే పోయింది.

"దండకు ఎంతాయె?" అన్నాడు.

నేను చెప్పకుండానే దోస్తుకు ఆ మాట అర్థమైంది. తల వంచుకుని, "నూట యాబై" అన్నాడు.

"గా పైసలతోని మూడు మాట్లు ఆటోల రాకపోయినవార?"

అతను మంచం పక్కన నేల మీద కూలబడి, మా ఆయన పడిపోయిన చెయ్యి పట్టుకున్నాడు. నేను చాయ్ పెట్టడానికి వెళ్లిపోయాను, అక్కడ నిలబడలేక. సాయంత్రం దాకా ఇద్దరూ లారీల గురించి, ఘాట్‌ల గురించి, చనిపోయిన క్లీనర్ల గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆ ముద్ద మాటలన్నీ అతనికి అందుతున్నాయి. దోస్తు ముందు పెట్టిన కంచంలోంచే మా ఆయన తన కుడిచేత్తో కలుపుకుని తిన్నాడు. లోపల పెడితే తినడన్న నా లెక్క తప్పింది.

మర్నాడు మొగుడంపల్లి నుంచి ఇంకో డ్రైవరు వచ్చాడు, ఏడుపు మొహంతోనే. ఆ మర్నాడు ఇద్దరు హమాలీలు. అందరికీ చాయ్ పోశాను.

వారం నిండింది. పెయింటరు వచ్చి బొటనవేలితో చెక్కను నొక్కి చూసుకుని, "పక్కా ఎండింది. కుర్చి ఎక్కియ్యుండ్రి" అన్నాడు. "ముగ్గు మనసైతె సాక్‌పీసుతోని ఒక్క గీత గీసుకోండ్రి, బట్టతోని పోతది" అని నా మీద దయ కూడా చూపించాడు. వారం తర్వాత ఊపిరి వచ్చినట్టయింది నాకు. బడి సంచిలోంచి చాక్‌పీసు తీసుకుని, ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, ముందుకు తోశాను.

గడప దగ్గర ఆయన కుడిచేత్తో తలుపు చెక్కను పట్టుకుని కుర్చీని ఆపేశాడు.

"ముగ్గెయ్యకు" అన్నాడు.

"ఏమైంది? కొత్త మంచె సూసుకోరా?"

"ఇంకో నాలుగు దినాలు గట్లనే ఉండనీ. బయట కుర్చీలు తియ్యకు. నన్ను లోపలనే ఉంచు" అన్నాడు, నా వైపు చూడకుండా. "ఇంకెవలన్న వస్తరేమో."

నేను చాక్‌పీసు కొంగున ముడేసుకుని, కుర్చీని లోపలికి తిప్పాను.