మా ఇంటికొచ్చిన బల్లి, మా ఆవిడ భుజం

ఈ సాయంత్రం నా సంతోషం మా రెండు గదుల ఇంట్లో పట్టడం లేదండి. కుక్కకి చోటు చాలదని మా అమ్మాయి విజయనగరంలో ఒక బుల్లి పెంపుడు బల్లిని కొనుక్కుని గాజుపెట్టెలో తెచ్చింది. మా ఆవిడ గుమ్మంలోనే ఆపేసింది.

“గోడల నిండా బల్లులే కదే, మళ్లీ కొనుక్కోడమేటి? ఇచ్చేసి రా.”

అమ్మాయి బతిమాలుతూ మూత తీసేసరికి అది గెంతి వాళ్లమ్మ భుజం మీద కూర్చుంది.

“ఏమండీ, పంచాంగం సూడండి. భుజానికేటి ఫలం?”

చూసి చెప్పాను. “నగలొస్తాయని రాసున్నాదే.”

ఆవిడ తలస్నానం చేసి, దీపం పెట్టి, టీవీ పక్కన పెట్టెకి తనే చోటు చేసింది. అమ్మాయి మొహం చూసి నా కడుపు నిండిపోయింది.

కొన్న బల్లికి ఆ శాస్త్రం వర్తిస్తుందా అన్న అనుమానం ఆవిడకింకా రాలేదు. మీకు తెలిస్తే నాకొక్కడికే చెప్పండి.