మా నాయన పేరున్న చీమ

ఆ రోజుల్లో పేరంటే మాకు చచ్చేంత గౌరవం. తిరుత్తణిలోని మా ఇంట్లో అమ్మ మా నాయన పేరు ఒక్కనాడూ పలికి ఎరగదు. రేషన్ ఆఫీసులో భర్త పేరు అడిగితే వెనక నుంచి నా వీపున పొడిచేది, నేను చెప్పాలి. నాయన పోయాక కూడా అదే వరస. (నేనూ ఆ పేరు ఇక్కడ రాయను. పెంపకం అలాంటిది.)

అలాంటి ఇంట్లో పుట్టి నేను చీమలకు పేర్లు పెట్టే చదువుకు పోయాను. డెబ్బైల చివర, తిరువళ్ళూరులో మా సార్ ఇంటి ముందుగదిలో ఒక మైక్రోస్కోపు ఉండేది. చీమను చిన్న అట్టముక్క కొసకు జిగురుతో అంటించి, అట్టను గుండుసూదికి గుచ్చి, తలా నడుమూ వెంట్రుకలూ పరిశీలించడం మా పని. మా పెరట్లో దొరికిన పెద్దతల చీమ ఏ పుస్తకంలోనూ కనబడలేదు. కొత్త జాతే అన్నారు సార్. నాయన పోయి అప్పటికి ఏడాది తిరగలేదు. ఆయన పేరుకు లాటిన్ తోక తగిలించి చీమకు పెట్టాను. అచ్చయిన వ్యాసం తెచ్చి చదివి వినిపిస్తే, అమ్మ ఆ పేరును తోకతో సహా మెల్లగా పలికింది. "తోకుండాది గదా, ఇది చీమ పేరు. తప్పులేదులే" అని తనకు తానే తీర్పు చెప్పుకుంది. ఆ రోజు నుంచి పెరట్లో నూకలు చల్లి, చీమల్ని పేరు పెట్టి పిలిచి మరీ ఇంటి సంగతులు చెప్పుకునేది. పక్కింటి అత్తను తీసుకొచ్చి పరిచయం కూడా చేసింది.

కొంతకాలానికి విదేశంలోని ఒక మ్యూజియం నుంచి సార్ అరువడిగిన పాత చీమ దూదిలో చుట్టుకుని వచ్చింది. ఎప్పుడో ఒక తెల్లదొర మన వైపే పట్టుకుని పేరు పెట్టిన చిన్నతల చీమ. మా చీమకూ దానికీ సంబంధం లేదని తేల్చేద్దామనే ధీమాతోనే తెప్పించాం. అంతలో సార్ అడిగారు, "మీ పుట్టలో చిన్నవి లేవా?" అని. ఉన్నాయి. పక్క పుట్టవి తిండికి వచ్చాయనుకుని నేనే వదిలేశాను. (పెళ్లికి పోయి తలపాగా చుట్టినవాళ్లనే మగపెళ్లివారని లెక్కపెట్టినట్టు.)

మళ్లీ పుట్ట తవ్వి పెద్దవీ చిన్నవీ కలిపి తెచ్చాను. మా చిన్నదాన్ని పాత చీమ పక్కన పెట్టి చూశాం. నడుము మీద బొడిపె, వీపు చివర రెండు ముళ్లు, చెంపల మీద గీతలు, అన్నీ అవే. సార్ కళ్లద్దాలు తుడుచుకుని "రెండుం ఒణ్ణుదాన్ మా" అన్నారు అరవంలో, రెండూ ఒకటేనని. ఒకే పుట్ట, ఒకే జాతి, తలలు మాత్రం రెండు కొలతలు. ఒకే జాతికి రెండు పేర్లు పడితే ముందు పెట్టిందే నిలవాలని మా శాస్త్రంలో నియమం. ఆ దిద్దుబాటు వ్యాసం నన్నే రాయమన్నారు సార్. రాశాను. అమ్మకు చెప్పడమే మిగిలింది. తిరుత్తణి రైల్లో కూర్చుని ఆ మాట రకరకాలుగా కూర్చుకున్నాను, ఒక్కటీ కుదరలేదు.

అమ్మ పెరట్లోనే ఉంది. "ఏమే పాపా, ముఖం అట్ల వాడిపోయుండాది?" అంది. చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను.

అమ్మ చేతిలో నూకలు అలాగే ఉండిపోయాయి. "అయితే ఆయన పేరు కొట్టేసినారా?"

"కొట్టేయరమ్మా. దొర పెట్టిన పేరు పైన ఉంటుంది. దాని కింద చిన్నక్షరాల్లో నాయనది. ఎవరు ఈ చీమ చరిత్ర రాసినా రెండూ రాయాల్సిందే."

"ఆ పై పేరు శానా పాతదా?"

"తాత పుట్టకముందుది."

అమ్మ చెంగుతో ముక్కు తుడుచుకుంది. "అయితే ఉండనీలే. పెద్దోళ్లుంటే మీ నాయన యాడా కుర్చీలో కూచునింది లేదు. కిందనే కూచునేవోడు. పైన పెట్టింటే ఆయనే లేచి కిందికి వచ్చేసుండును" అని, నూకలు చల్లి, ఎప్పటిలాగే తోకతో పేరు పెట్టి వాటిని పిలిచింది.

అంత చదువు చదివి ఆ సాయంకాలం పెరట్లో చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చిన ఆ పరిశోధకురాలు ఇప్పుడు గుర్తొస్తే నవ్వొస్తుంది. చీమలు కాళ్ల మీదికి పాకి కుడుతున్నా లేవలేదు పాపం, అమ్మ ఇంకొక్కసారి నాయన పేరు పలుకుతుందేమోనని.