ఆరడుగుల దూరంలో ఎద్దుల బేరం

పొద్దున్నే టీ తాగాక ఓబుళేశు అరచేతిలో నాలుగు బొట్లు ఆముదం వేసుకుని పది వేళ్ళకూ పట్టిస్తాడు. బొటనవేలితో మొదలుపెట్టి చిటికెన వేలిదాకా ఒక్కొక్కటే లాగుతాడు, మెటికలు విరుస్తాడు, మంగలి కత్తి నూరుకుని చూసుకున్నట్టు వెలుతురుకేసి పట్టి చూసుకుంటాడు. పెళ్ళయిన కొత్తలో ఆయన భార్య హులిగెమ్మ ఇది చూసి, పిల్లోనికి కీళ్ళ జబ్బు ఉందని దాచిపెట్టి పెళ్ళి చేశారని పుట్టింటికి కబురు పెట్టిందట.

జబ్బేమీ లేదు. ఆయన ఎద్దుల దళారి. మా పడమటి కర్నూలు పల్లెల్లో, సంతలో ఎద్దుల ధర నోటితో చెప్పరు. దళారీ, కొనేవాడూ చేతులు కలిపి పైన తువ్వాల కప్పుకుంటారు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, చెయ్యి మొత్తం నొక్కితే ఐదు. చుట్టూ యాభై మంది నిలబడి చూస్తున్నా బేరం ఎంతదాకా వచ్చిందో ఎవరికీ అంతుబట్టదు. ఆ ఇద్దరి మొహాలూ వాన గురించి ఆలోచిస్తున్నట్టు ఉంటాయి, అంతే. ముప్పై ఐదేళ్ళు వారానికి ఆరు రోజులు సంతలు తిరిగిన ఓబుళేశు ఒక్క ధరను కూడా పైకి పలికి ఎరగడు. పలకడమంటే ఆయనకు నడిబజార్లో పంచె ఊడినంత పని. ఇంట్లోనూ అదే అలవాటు. చీర ఎంతకు తెచ్చావని హులిగెమ్మ అడిగితే గోడకేసి తిరిగిపోయేవాడు.

రెండువేల ఇరవై మార్చిలో సంతలన్నీ మూతబడ్డాయి. నేను కర్నూలు హాస్టల్ నుంచి పుస్తకాల సంచితో ఇంటికి వచ్చేసరికి, మా ఎదురింటి అరుగు మీద ఓబుళేశు పెదనాన్న దిగులుగా కూర్చుని ఉన్నాడు. దిగులు కరోనా గురించి కాదు. పెద్ద ఈరన్నకు ఇచ్చిన మాట గురించి.

పెద్ద ఈరన్న మా ఊరి రైతే. డెబ్బై ఏళ్ళు. మోకాళ్ళు పోయాయి, ఇక సేద్యం చేయలేడు. దూడలప్పటి నుంచి సాకిన ఎద్దుల జతను అమ్మిపెట్టమన్నాడు. ఒకసారి వాటిలో ఒకదాన్ని పశువుల ఆస్పత్రిలో ఒక రోజు కట్టేస్తే, ఇంట్లో ఉన్నది గడ్డి ముట్టలేదు. అందుకే ఆయన ఒకటే షరతు పెట్టాడు.

"రెండూ ఒగ ఇంటికే పోవల్ల ఓబుళేశూ. ఇడదీసినావంటే నా గడప తొక్కొద్దు."

"ముంగారు వాన పడేలోగా అమ్మిపెడతా, ఇడదీయను," అని ఓబుళేశు చేతిలో చెయ్యేసి చెప్పాడు. ఆ తొలకరి వాన పడి విత్తనం వేశాక ఎద్దులను ఎవరూ కొనరు. మాట తప్పిన దళారి చేతిని ఆ తరువాత ఏ సంతలోనూ ఎవరూ పట్టుకోరు. వాన జూన్‌లో వస్తుంది. సంత ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు.

మొదటి వారం ఆయన ఇంట్లో ఉండడమే ఒక వింత. కూరగాయల బండి రాగానే, ఊరికే కూర్చోవడం ఎందుకని ఈయనే బేరానికి దిగాడు. భుజం మీది తువ్వాల తీసి ముంజేతి మీద కప్పుకుని, బండి మాబు దగ్గరికి పోయి, ఏమీ మాట్లాడకుండా చెయ్యి ముందుకు చాపాడు.

మాబు ఎగిరి బండికి అవతలి వైపు పడ్డాడు. "యా అల్లా! దూరం! దూరం నిలబడన్నా! కరోనా వచ్చిండేది నీకి తెలీదా ఏంది? చెయ్యి ఎందుకు పట్టుకుంటావు?"

"టమాటా," అన్నాడు ఓబుళేశు దీనంగా.

అప్పుడు పైన మిద్దె మీద ఎండు మిరపకాయలు తిరగేస్తున్న హులిగెమ్మ తొంగి చూసింది.

"ఓ మాబూ! టమాటా ఎంతప్పా?"

"ముప్పైకి కిలో అక్కా. సరుకు రాల్యా. లాక్‌డౌను."

"సరుకు రాకపోతే బండి మీద ఉండేటివి ఏంది, నీ సుట్టాలా?"

"మంచి కాయలక్కా."

"ఈడికే కనపడతాండాయి వాటి మంచితనం. ఒగదాని మీద ఒగటి పడి ఏడుస్తాండాయి." అని వెనక్కి తిరిగి మిరపకాయల దగ్గరికి వెళ్ళిపోయింది. ఇక మాట లేదు. మాబు ఖాళీ మిద్దెకేసి చూస్తూ, "ఇరవై ఐదు! అక్కా! అక్కో! ఇరవై తీసుకోక్కా!" అని అరిచాడు.

ఓబుళేశు బండి పక్కన నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఎక్కడ తగ్గాలో, ఎక్కడ వెనక్కి తిరగాలో ఇంత బాగా తెలిసిన మనిషిని ఏ సంతలోనూ ఆయన చూడలేదు.

"అట్ల తిరుక్కొని పోయేది యాడ నేర్చుకున్యావే?" అని ఆ మధ్యాహ్నం అడిగాడు.

"నీ తావనే. ముప్పై ఏండ్లుగా ఏమడిగినా నువ్వు తిరుక్కుంటివి కదా."

ఏప్రిల్ చివర ఫోన్లు రావడం మొదలైంది. పక్క ఊరి బసవన్న చేశాడు. ఆయన వలపటెద్దు, అంటే కాడికి కుడి వైపు కట్టేది, చచ్చిపోయింది. ఈరన్న జతలో వలపటిది ఒక్కటి చాలన్నాడు.

"ఒగటైతే కాదప్పా," అన్నాడు ఓబుళేశు. అంతవరకు బాగానే ఉంది.

"పోనీ, జత ఎంత సెప్తాండావో సెప్పు."

ఓబుళేశు గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు. దగ్గాడు. చివరికి ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుని, కుడి చేతి వేళ్ళు దాని ముందు మడిచి చూపించాడు. అవతల బసవన్న "హలో, హలో, లైను పోయిందా?" అని పెట్టేశాడు.

నన్ను మాట్లాడమన్నారు. కొత్తవాళ్ళతో ఫోనంటే నాకూ చేతకాదు. వీడియో పట్టి ఇవ్వడం వరకు ఒప్పుకున్నాను.

రెండో ఫోను ఆలూరు వైపు నుంచి పరమేష్ అనే రైతుది. ఆయనకు దాపటిది, అంటే ఎడమ వైపుది, ఒక్కటే కావాలి. వలపటిది వాళ్ళింట్లో ఉంది. ముందు ఎద్దును చూపించమన్నాడు. నేను ఈరన్న పాకలోకి పోయి ఫోన్ పట్టాను. వయసు తెలియడానికి పళ్ళు చూడాలన్నాడు. ఈరన్న ఎద్దు మూతి పట్టి పైకెత్తబోయాడు. అది తల విదిలించింది. ఫోన్ పక్కకు తిరిగింది. ఈరన్న పకపకా నవ్వాడు.

"ఇదేందప్పా," అని ఫోన్లో పరమేష్ గొంతు ఆందోళనగా వినిపించింది, "మూడే పళ్ళుండాయి!"

"అవి నావప్పా! ఎద్దువి ఇంగా సూపించల్యా!" అని ఈరన్న అరిచాడు.

అసలు ఎద్దు పళ్ళు చూశాక పరమేష్‌కు నచ్చింది. రేపు మధ్యాహ్నం బేరం మాట్లాడదామన్నాడు.

ఆ సాయంత్రం ఓబుళేశు అరుగు మీద కూర్చుని లెక్క వేశాడు. దాపటిది పరమేష్‌కు, వలపటిది బసవన్నకు. రెండు ఫోన్లతో అయిపోతుంది. మంచి ధరే వస్తుంది. ఈరన్నకు ఇచ్చిన మాట మాత్రం పోతుంది. ఆ రాత్రి ఆయన ముద్ద సగంలోనే లేచిపోయాడని హులిగెమ్మ మా అమ్మతో చెప్పింది.

మరునాడు ఫోన్ స్పీకర్‌లో పెట్టి మంచం మీద ఉంచుకున్నారు. మాట్లాడేది హులిగెమ్మ అని తేలింది. ధర ఓబుళేశుకే తెలుసు, అది ఆయన నోట రాదు. ఆయన కాసేపు ఆలోచించి, తువ్వాల తీసి ఇద్దరి చేతుల మీదా కప్పి, ఆమె వేళ్ళు పట్టుకున్నాడు.

"ఈ వయసులో ఇదేందప్పా! ఎదురుగా సుజన ఉండాది!" అని హులిగెమ్మ నావైపు చూపించింది.

"నోరు మూసుకో. ఇది తొమ్మిది. ఇట్ల నొక్కితే ఐదు." పది నిమిషాల్లో నేర్పించేశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఫోన్ మోగింది. తువ్వాల కింద తొమ్మిది, అంటే జతకు తొంభై వేలు.

"లక్షా పది," అంది హులిగెమ్మ.

తువ్వాల అదిరిపడింది.

"అబ్బా! నొప్పి!"

"ఏమైందక్కా?" అన్నాడు పరమేష్.

"ఏం లేదప్పా. మా ఇంటాయన చెయ్యి పట్టుకున్యాడు."

అవతల పరమేష్ గొంతు తగ్గించాడు. "నేను మళ్ళ చేయాల్నా అక్కా?"

"వద్దప్పా, సెప్పు."

"జత నాకెందుకక్కా? దాపటిది ఒగటే ఇయ్యి. నా వలపటెద్దు గట్టిదే ఉండాది, దాన్నేం చేసుకోవల్ల?"

హులిగెమ్మ నోరు మూసుకుంది. మిద్దె మీద మాదిరి ఆపిందనుకున్నాను. నిజంగానే ఆలోచిస్తోంది. తరువాత మామూలుగా అడిగింది, "నీ వలపటెద్దుకు ఎన్ని పళ్ళప్పా?"

"ఆరు."

"పక్క ఊర్లో బసవన్న వలపటెద్దు కోసమే ఎతుకుతాండాడు. నీది ఆయన్న కొనుక్కుంటాడు. ఈ జత నువ్వు తోలుకపో."

ఓబుళేశు తువ్వాల మీదుగా ఆమెను చూశాడు. ముప్పై ఐదేళ్ళలో ఆయనకిది తట్టలేదు. సంతలో ఒక తువ్వాల కింది మాట ఇంకో తువ్వాల కిందికి పోదు. ఏ దళారీ తను చేస్తున్న రెండు బేరాలను కలపడు. హులిగెమ్మకు ఆ నియమం తెలియదు. ఆమె బేరాలన్నీ మిద్దె మీది నుంచి అందరికీ వినపడేలా చేసినవే.

గంటసేపు రెండు ఫోన్ల మధ్య మాటలు నడిచాయి. ఓబుళేశు తొమ్మిది నొక్కితే ఆమె తొంభై ఎనిమిది అంది. చివరికి జత తొంభై ఐదుకు కుదిరింది. బసవన్న కూడా ఒప్పుకున్నాడు. బేరం అయిపోయాక కూడా తువ్వాల వెంటనే తీయలేదు. ఎవరు ముందు తీయాలో ఇద్దరికీ తెలిసినట్టు లేదు. నేను నీళ్ళు తాగే నెపంతో లేచి వెళ్ళిపోయాను.

మూడో రోజు తెల్లవారుజామున ఈరన్న మనవడు జతను తోలుకుని బయలుదేరాడు. ఓబుళేశు వెంట వెళ్ళాడు. కార్లు, లారీలు లేని రోడ్డు మీద ఎద్దులు నడిమధ్యన నడిచాయట. దారిలో మేత మేయకుండా వాటి మూతులకు చిక్కాలు కట్టారు. చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబుల్ లాఠీతో ఎద్దులను, తరువాత వీళ్ళిద్దరినీ చూపించి, "వాటికుండే జ్ఞానం మీకు ల్యాకపాయె కదరా!" అన్నాడు. ఓబుళేశు వెంటనే తువ్వాల మూతికి చుట్టుకున్నాడు. అది అట్లా కూడా పనికొస్తుందని ఆయనకు అప్పుడే తెలిసింది.

జూన్ రెండో వారం వాన పడింది. పరమేష్ ఆ రోజే మడక కట్టించి, దున్నుతుండగా వీడియో తీసి పంపించాడు. పెద్ద ఈరన్న దాన్ని మా ఇంటికి వచ్చి ఏడుసార్లు చూశాడు. ఎనిమిదోసారికి, దున్నేవాడు దాపటిదాన్ని కసురుతున్నాడని పరమేష్‌కు ఫోన్ చేసి తిట్టాడు. ఓబుళేశును మాత్రం పిలిచి, తన గడప లోపల కూర్చోబెట్టి టీ ఇచ్చాడు.

సంతలు మళ్ళీ తెరిచారు. ఓబుళేశు వారానికి రెండు రోజులే వెళ్తాడు. మిగతా రోజులు ఇంటి దగ్గరే ఉండి వంటలో ఉల్లిగడ్డలు కోస్తాడు. ఫోన్ల బేరాలన్నీ హులిగెమ్మవి. పోయిన ముంగారుకు ఆమె పద్నాలుగు జతలు అమ్మింది.